సాసేజీలు, సైకిలు, ఒక పొత్తు

ఆ శనివారం పొద్దున హైడ్రున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఊరి హాల్లో పొత్తు మాటలకు వస్తున్న ఎర్ర పార్టీ వాళ్లకు కడుపునిండా భోజనం పెట్టాలి, అంతే. బుఖెన్‌టాల్ పురపాలక సంఘంలో ఆమె పచ్చ పార్టీకి వచ్చినవి మూడే సీట్లు. ఎర్రవాళ్లతో కలిస్తే గట్టెక్కుతారు. లేదంటే సోమవారం నల్ల పార్టీ వాళ్లు కుర్చీలెక్కి, ఊరి వెనకాల అడవిని నరికి కొత్త రోడ్డు వేసేస్తారు. ఆ అడవి కోసమే ఆమె నాలుగేళ్లుగా ప్రతి గుమ్మమూ ఎక్కి దిగింది.

చిక్కల్లా సొంతవాళ్లతోనే. ఎవరితో చేయి కలిపినా అమ్ముడుపోయినట్టే అనేవాళ్లు పార్టీలో సగం మంది, కలపకపోతే ఒక్క చెట్టూ మిగలదనేవాళ్లు మిగతా సగం. పైగా ఏ అయిదుగురు అడిగినా, ఏ పూటైనా సరే, సర్వసభ్య సమావేశం పెట్టి తీరాలని నియమం. పెట్టారంటే అందరూ ఒప్పుకునేదాకా ఎవరూ ఇంటికి పోరు.

ఇదంతా తెలిసి కూడా, పార్టీలో చాలామందిలాగే మాంసం ముట్టని హైడ్రున్ మాంసం కొట్టుకు వెళ్లింది. ఎర్ర పార్టీ పెద్ద ఏవాల్ట్ ఇనుప పోత కార్ఖానాలో జీవితమంతా చెమటోడ్చిన మనిషి. అలాంటివాడికి గింజల రొట్టె పెట్టి సంతకం చెయ్యమనడం బాగుండదనుకుంది. సాసేజీలు సంచిలో వేసి, పైన ముల్లంగి ఆకులు కప్పి బయటికొచ్చేసరికి గెర్లిండె ఎదురైంది. సభల్లో స్వెటర్ అల్లుతూనే అవతలివాళ్లను కడిగి ఆరేసే సభ్యురాలు ఆవిడ.

"ఆ కొట్లో నీకేం పని?"

"వానొస్తుంటే లోపల నిలబడ్డా."

గెర్లిండె తలెత్తి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

హైడ్రున్ సాసేజీలు కొన్నదన్న కబురు, ఎర్రవాళ్ల కోసం కొన్నదని మారి, మధ్యాహ్నానికల్లా ఆమె రోడ్డుకు కూడా ఒప్పేసుకుందనేదాకా వెళ్లింది. అయిదుగురు దొరకడం ఎంతసేపు? పొత్తు మాటల వేళకే, ఆ హాల్లోనే, సర్వసభ్య సమావేశం అని గెర్లిండె ఫోన్ చేసి చెప్పేసింది. ఫోన్ పెట్టీ పెట్టగానే మళ్లీ మోగింది. ఈసారి ఏవాల్ట్.

"మేడమ్, నా కొంప మునిగింది. మా కార్ఖానా వాళ్లందరూ హాలుకు బయల్దేరారు. నేను మీ గడ్డి పార్టీలో కలిసిపోయానట, రేపు కార్ఖానా మూయిస్తానట."

"ఎందుకలా అనుకున్నారు?"

"కారు మానేసి సైకిలెక్కానండీ. మీవాళ్లు సంతోషిస్తారని. వెనక కట్టిన గిన్నెలో మా ఆవిడ వండిన మసూరపప్పు కూడా ఉంది, మాంసం లేకుండా. మావాళ్లు ఆపి మరీ చూశారు." మళ్లీ ఆయనే, "ఇంతకీ మీరు మాంసం కొట్టుకెందుకు వెళ్లారు?" అన్నాడు.

హైడ్రున్ చెప్పింది.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. ఒకపక్క అల్లికలు, ఇంకోపక్క మసి అంటిన చేతులు. నాలుగేళ్ల కష్టం ఒక కిలో సాసేజీల పాలైందని హైడ్రున్‌కు ఏడుపొచ్చినంత పనైంది. గెర్లిండె లేచింది.

"దాచేదేముంది? మా హైడ్రున్ ఎర్రవాళ్లకు అమ్ముడుపోయింది."

కార్ఖానా వాళ్ల తరఫున మాట్లాడ్డానికి లేచిన హోర్స్ట్ తెల్లబోయాడు. "ఆగు తల్లీ. అమ్ముడుపోయింది మా ఏవాల్టన్న కదా? సైకిలు తొక్కుకుంటూ పప్పు మోసుకొచ్చాడు."

గెర్లిండె సూదులు ఆగిపోయాయి. "ఏవాల్టా? సైకిలా?"

"తొక్కీ తొక్కీ నడుం పట్టేసింది, చూడు ఎలా కూర్చున్నాడో."

"పప్పులో మాంసం లేదూ?"

"ముక్క లేదు. నేనే మూత తీసి చూశా. అయితే మీ హైడ్రున్ నిజంగా మాంసం కొట్లోకి వెళ్లిందా?"

"నా కళ్లారా చూశాను."

హాల్లో రెండువైపులా గుసగుసలు మొదలయ్యాయి. ఎర్రవాళ్ల పెద్దే దారికొచ్చాడంటే గెలుపు మనదేనని పచ్చవాళ్లు, పచ్చమ్మే దిగొచ్చిందంటే గెలిచింది మనమేనని కార్ఖానా వాళ్లు. ఇలాంటి మంచి బేరం మళ్లీ రాదని ఇరుపక్షాలూ తొందరపడ్డాయి. అడవి జోలికి పోకూడదు, కార్ఖానా మూయకూడదు అని హైడ్రున్ ఒప్పందం చదవగానే ఒక్క చెయ్యీ మిగలకుండా అన్నీ లేచాయి.

హైడ్రున్‌కు అప్పటికి ఊపిరాడింది. అడవి నిలిచింది. ఏవాల్ట్ చెయ్యి పట్టుకుని ఊపుతూ ఆమె నవ్వుతుంటే, ఆయన నడుం పట్టుకుని నవ్వాడు.

అప్పుడు అందరికీ ఆకలి గుర్తొచ్చింది. హాలు వెనక పొయ్యి మీద పప్పు గిన్నె ఎక్కింది. ఆ ఊళ్లో అమ్మమ్మల కాలం నుంచీ పప్పూ సాసేజీలూ ఒకే గిన్నెలో ఉడికే సరుకులే. హైడ్రున్ సంచి కనబడగానే హోర్స్ట్ ఎవరినీ అడక్కుండా అందులోని సాసేజీలన్నీ పప్పులో కుమ్మరించేశాడు. గెర్లిండె అటూ ఇటూ చూసి, తన గిన్నె చాపింది.

"నాకు పప్పు మాత్రమే."

"అలాగే తల్లీ," అన్నాడు హోర్స్ట్, గరిటెను అడుగుదాకా ముంచి.

ఆవిడ గిన్నెలోకి సాసేజీ ఎలా వచ్చిందో తేల్చడానికి సర్వసభ్య సమావేశం పెట్టమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.