చేలో నిలబడిన మొగం

మంచు ఇంకా విడవలేదు. సుబ్బరాయుడి ఆలోచన మాత్రం తేటగానే ఉంది. వానకు కుళ్ళిన శనగచేలో నిలబడి ఫొటో దిగాలి. పరిహారం పడగానే ఆళ్ళగడ్డలో విత్తనం కొనాలి. నేలలో పదును ఆరేలోగా మళ్ళీ విత్తాలి. ఆరిందా, ఈ ఏడు ఆ చేను బీడే.

కానీ నల్లరేగడి అతన్ని నడవనిస్తేనా? అడుగడుగుకూ కింద నుంచి ఎవరో కాలు పట్టి లాగుతున్నట్టే ఉంది. అతను చేరేసరికి, పంటనష్టం నమోదు చేసే సాల్మన్ రాజు గట్టు మీద ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఫొటో ఎక్కించేసినా అన్నా. భలే నిలబడినావ్, రెప్ప గూడా ఆడిచ్చలే!"

"నేనిప్పుడే గదప్పా వస్తాండేది!"

ఇద్దరూ చేలోకి చూశారు. మంచులో చేతులు చాపి దిష్టిబొమ్మ నిలబడి ఉంది. ఒంటి మీద సుబ్బరాయుడి గళ్ళచొక్కా. తలకు బోర్లించిన కుండ, దాని మీద అచ్చం అతని మీసమే. దిష్టి మొగుణ్ణి వదిలి బొమ్మకు తగలాలంటే పోలిక కుదరాలని భార్య సులోచన పట్టుబట్టి గీసింది. పోలిక మరీ కుదిరింది.

"ఇంకోటి తియ్యి."

"కుదర్దన్నా. ఎక్కిందంటే ఎక్కినట్టే. ఇప్పుడు నీ మొగమే దానికి కలవాల."

కలవలేదు. నవ్వి చూశాడు, కోపంగా చూశాడు, తలగుడ్డ తీసి చూశాడు. 'ఈ వ్యక్తి రైతు కాదు' అంది ఫోను. ఫోనుకు తప్పుండదు కదా, తప్పంతా మొగానిదే.

ఆ మాట అతనికంటే ముందే ఊరు చేరింది. అరుగు మీద ముసలి రామేశ్వరమ్మ గొంతు తగ్గించింది. "ఆ పొద్దు వానలో చేనికి పోయినోడూ, తిరిగొచ్చినోడూ ఒకడేనంటావా? కాళ్ళు చూడండే!" మోకాలిదాకా బురద. పాదాలు దయ్యానికి మల్లే వెనక్కి తిరిగాయో లేదో ఎవరికీ కనిపించలేదు. జనం గోడలకు అతుక్కుపోయారు.

సులోచన తలుపు సందులోంచి చెంబు తోసింది. "ముందు కాళ్ళు కడుగు. చూసినాక రానిస్తా."

"నీ మొగుణ్ణేమే!"

"ఫోను గాదంటాందే!"

పాదాలు ముందుకే ఉన్నాయని తేలాక అన్నం పెట్టింది. తినేలోగా ఉపాయం కూడా చెప్పింది. "దానికి ఆ మొగమే కావాల్నంటే, ఆ మొగమే పెట్టు."

మరునాడు నంద్యాల నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. కుళ్ళిన పైరు వైపు తల తిప్పలేదు. ఫోను ఎత్తాడు. అప్పటికే చేలో బొమ్మను పీకేసి, ఆ చొక్కా తొడుక్కుని, కుండ తలకు బోర్లించుకుని సుబ్బరాయుడు చేతులు చాపి నిలబడి ఉన్నాడు. కుండలో అతని ఊపిరి అతనికే వేరెవరిదో అనిపించింది. కాకి వచ్చి భుజాన వాలింది. కదల్లేదు. పొడిచింది. అయినా కదల్లేదు.

ఫోను పచ్చగా వెలిగింది.

"సరిపోయింది. రైతు ఈయనే," అన్నాడు అధికారి. "వచ్చి వేలిముద్ర వేస్తే మంజూరే."

సంతోషం పట్టలేక సుబ్బరాయుడు కుండ తీసేసి గట్టు మీదికి ఉరికాడు. "నేనే సార్, సుబ్బరాయుణ్ణి!"

అధికారి అతని మొగం చూశాడు. ఫోను చూశాడు. ఖాళీ చేను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరప్పా నువ్వు? ఇంతసేపూ ఆడ నిలబడిన రైతు యాడికి పోయినాడు?"

పదును ఆరిపోతోంది గనుక గట్టు మీదున్న సులోచన వాదనకు దిగలేదు, కుండ దులిపి మొగుడి తలకు మళ్ళీ బోర్లించింది.