అనాథ ప్యాకేజీకి పద్నాలుగు జబ్బులు

ఆ ఆదివారం ఉదయానికి భూతద్దం అనే ఆయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకు ఇద్దరు మనుషులు ఇంటికి వస్తారు. అతని గుర్తింపు కార్డు చూస్తారు. కార్డులో ఉన్న మొహమూ ఎదురుగా ఉన్న మొహమూ ఒకటేనని రూఢి చేసుకుంటారు. టీ తాగి వెళ్లిపోతారు. పదకొండింటికల్లా అతను వెళ్లి దుకాణం తెరుస్తాడు. ఇంతోటి పనికి ఇంట్లో చెప్పడం దేనికని చెప్పలేదు. కొంప ముంచింది అదే.

భూతద్దం అతని అసలు పేరు కాదు. కళ్లద్దాల దుకాణం నడుపుతాడు కాబట్టి కంప్యూటరు మీద కలిసే స్నేహితుల మధ్య ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ స్నేహితులు మామూలు మనుషులు కారు. అతను వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో, తమ ఉద్యోగాలు తాము చేసుకుంటూనే, తీరిక వేళల్లో దాన్ని నిలబెడుతూ ఉంటారు. అందులో ఉండే ఒక్కొక్క ప్రోగ్రామునూ పొందికగా ప్యాకేజీ కట్టి, పాడైతే బాగుచేసి, దాని మంచిచెడ్డలు చూసుకునే మనిషి ఒకరుంటారు. జీతం లేదు. మెచ్చుకోలు అరుదు. తప్పు జరిగిన రోజున మాత్రం ప్రపంచమంతటికీ వాళ్ల పేరు గుర్తొస్తుంది.

భూతద్దం దుకాణంలో గోడకున్న తెర మీద అక్షరాలు చూపించే ప్రోగ్రాము ఒకటుంది. పైన ఒకే పెద్ద అక్షరం, కిందికి వస్తున్నకొద్దీ చిన్నవి. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని ఒక కన్ను మూసుకుని చదువుతారు. ఆ ప్యాకేజీని చూసుకునే ఆయన ఆరేళ్ల కిందట మానుకున్నాడు. అలా పెద్దదిక్కు లేని ప్యాకేజీని వాళ్ల భాషలో అనాథ అంటారు. దాని భారం నెత్తిన వేసుకోవడాన్ని దత్తత అంటారు, అందులోని తప్పుల్ని బగ్గులంటారు. సిస్టమ్ కొత్త రూపం విడుదలయ్యేలోపు ఎవరూ ముందుకు రాకపోతే దాన్ని జాబితాలోంచి తీసేస్తామని ప్రకటన వచ్చింది. అది చదివిన రోజున భూతద్దానికి అన్నం సయించలేదు.

అప్పటినుంచి నాలుగు నెలలుగా పని నేర్చుకుంటున్నాడు. నేర్పేవాడి పేరు గొడుగు. ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీసే ఉద్యోగం ఆయనది. ఎముకలో వెంట్రుకవాసి పగులును పట్టుకునే కన్ను శిష్యుడి పని మీద కూడా పడింది. ఒకసారి లైసెన్సులో సంవత్సరం తప్పని, ఒకసారి వివరణలో వాక్యం తికమకగా ఉందని, మొత్తం పదకొండుసార్లు వెనక్కి పంపాడు. పంపిన ప్రతిసారీ ఎందుకు తప్పో, ఎలా దిద్దాలో రెండు పేజీలు ఓపిగ్గా రాశాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు లోకంలో ఉంటారని నలభై ఆరేళ్ల భూతద్దానికి అప్పుడే తెలిసింది. పన్నెండోసారి గొడుగు "బాగుంది" అని ఒక్క మాట రాస్తే, ఆ రోజంతా దుకాణంలో కళ్లజోళ్లు తుడుస్తూ ఈల వేశాడు.

ఇక మిగిలింది ఒక్కటే. ఈ మనిషి నిజంగా ఉన్నాడని ఇద్దరు పాత సభ్యులు కళ్లారా చూసి సాక్ష్యం చెప్పాలి. ఆ సంగతే బుధవారం పొద్దున బాల్కనీలో నిలబడి గొడుగుతో ఫోనులో మాట్లాడాడు.

"అవునండీ, అనాథే. మొదట చూసుకున్నాయన ఆరేళ్ల కిందటే వదిలేసి వెళ్లిపోయాడు. దాన్ని నేనే దత్తత తీసుకుంటాను. పద్నాలుగు బగ్గులున్నాయని తెలుసండీ, ఒక్కొక్కటే చూసుకుంటాను. ఇంట్లోనా? ఇంకా చెప్పలేదు. ఆదివారం మీరిద్దరూ వచ్చి చూసి సంతకం పెట్టేస్తే, నెమ్మదిగా చెప్తాను."

బాల్కనీ తలుపు వెనక అతని తల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. కొడుకు దుకాణానికి వెళ్లీ వెళ్లకముందే కూతురికి ఫోను చేసింది.

"మీ తమ్ముడు ఒక అనాథ పిల్లను పెంచుకుంటున్నాడే!"

"పిల్లా? పిల్లాడా?"

"'దాన్ని, దాన్ని' అన్నాడంటే ఆడపిల్లే కదా! ఆరేళ్లుంటాయి. తండ్రి వదిలేసి పోయాట్ట. పాపం, ఒంటినిండా పద్నాలుగు జబ్బులట!"

"పద్నాలుగా? ఎవరు లెక్కపెట్టారే?"

"వాడే చెప్పాడు. ఆదివారం ఆఫీసువాళ్లు ఇల్లు చూడ్డానికొస్తున్నారు. వాణ్ని మాత్రం ఏమీ అడక్కు. వాడంతట వాడు చెప్పేదాకా నోరు మెదపకూడదు."

అక్క నోరు మెదపలేదు, తమ్ముడి దగ్గర. మరదలి దగ్గర మెదిపింది. "పరాయి పిల్ల మీద ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందంటావ్?" అనేసి ఊరుకుంది.

అతని భార్య లైబ్రరీలో పని చేస్తుంది. ఏ పుస్తకం ఎక్కడ తప్పిపోయిందో ఇట్టే పట్టేయగల మనిషి, పక్కనున్న మొగుడు ఎక్కడ తప్పిపోయాడో తెలియక రెండు రోజులు నలిగిపోయింది. అతను ఏమడిగినా "ఊఁ", "ఆఁ" తప్ప జవాబు లేదు. లైబ్రరీలో పని ఎక్కువైందేమో అనుకున్నాడు భూతద్దం.

శుక్రవారం సాయంత్రం అతను మళ్లీ ఫోనులో ఉన్నాడు. "దిక్కులేనిదని దాన్ని తీసి పారేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటానండీ? రేపు దానికి ఏమన్నా అయితే నాకు నిద్ర పడుతుందా?" అన్నాడు. వంటింట్లో అంట్లు తోముతున్న భార్య చెయ్యి ఆగింది. కొళాయి అలా కారుతూనే ఉంది. కాసేపటికి కట్టేసి, కళ్లు తుడుచుకుని, వదినకు ఫోను చేసింది.

"వదినా, మీ చిన్నాడి పాత మంచం అటక మీద ఉందన్నావు కదా. పంపిస్తావా?"

శనివారం అతను దుకాణం నుంచి వచ్చేసరికి కిటికీలకు కడ్డీలున్నాయి. మందుల డబ్బా పై అరలోకి ఎక్కింది. బల్ల మూలలకు దూది చుట్టారు. "ఏంటిదంతా?" అని అడిగాడు. "ఎప్పటినుంచో అనుకుంటున్నాం" అంది తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ. స్నేహితులు వస్తున్నారని ఎలాగో తెలిసి ఇల్లు సర్దారు కాబోలనుకుని, ఇలాంటి కుటుంబం దొరికినందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆదివారం పదింటికి అక్క తెచ్చిన ఇనప మంచం రెండో అంతస్తు మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. పైనుంచి భార్య లాగుతోంది, కిందినుంచి అక్క తోస్తోంది. పక్కింటి దంపతులు సలహాలిస్తున్నారు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఇద్దరు కొత్తవాళ్లు ఏమీ అడక్కుండా చెరో కోడూ పట్టుకున్నారు. ఒకరు పొడుగాటి మనిషి, ఇంకొకరు చేతిసంచీ తగిలించుకున్న నడివయసు ఆవిడ. "కొంచెం ఎడమకు తిప్పి, తొంభై డిగ్రీలు లేపండి," అని ఆవిడ చెప్పగానే మంచం వెన్నలా జారి పైకి వచ్చేసింది.

తలుపు తీసిన భూతద్దానికి ముందు మంచం కనబడింది. దాని వెనక గురువు.

"మీరు గొడుగు గారా?"

"అవును. ఈవిడ లెక్కల టీచరు. మన సంఘంలో పన్నెండేళ్లుగా ఉన్నారు."

"ముందు ఇల్లు చూడండి," అంటూ భార్య మధ్యలోకి వచ్చింది. ఆమె చంకలో ఒక ఫైలుంది. అందులో పెళ్లి ఫోటో, అందరి రక్తపరీక్షలు, మొదటి పేజీలో విషయసూచికతో సహా ఉన్నాయి.

"ఇల్లెందుకండీ? కార్డు చూస్తే చాలు," అంది టీచరు.

"అలా కాదు. కడ్డీలన్నీ కొత్తవి. ప్రమాదకరమైనవన్నీ అందకుండా పైన పెట్టేశాం."

గొడుగు మొహం విప్పారింది. కంప్యూటరు భద్రత గురించి ఇంటిల్లిపాదికీ ఇంత పట్టింపు ఉండటం ఆయన ఎక్కడా చూడలేదు. "మరి తాళం ఎవరి దగ్గరుంటుందమ్మా?" అన్నాడు, ప్యాకేజీల మీద సంతకానికి వాడే రహస్య సంకేతాన్ని దృష్టిలో పెట్టుకుని.

"నా కొంగున," అంది తల్లి. "ప్రాణం పోయినా ఇవ్వను."

"శభాష్!" అన్నాడు గొడుగు.

టీచరు మాత్రం లెక్క తేలేదాకా ఒప్పుకునే మనిషి కాదు. కళ్లజోడు సర్దుకుని భూతద్దం వైపు తిరిగింది. "ఒక్కమాట. అది చాలా పాతబడింది. కొత్తది పుట్టించుకుంటే సులువు కదా? దాన్ని చావనిస్తే మీకేం నష్టం?"

ముందుగా లేచింది తల్లి.

"ఏమమ్మా! పదిమంది పిల్లలకు చదువు చెప్పేదానివి, ఆ మాటనడానికి నోరెలా వచ్చింది?"

"నా ఉద్దేశం అది కాదండీ, పద్నాలుగు బగ్గులు..."

"పద్నాలుగు కాదు, నలభై జబ్బులుండనీ!" అంది భార్య, ఫైలు తెరుస్తూ. "మందులిప్పిస్తాం, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉంటాం. ఎవరి బిడ్డని నేను అడగను. ఆయన్నీ అడగను. ఈ ఇంట్లోకి వచ్చిన రోజునుంచి అది నా బిడ్డే."

గుమ్మంలో ఉన్న పక్కింటావిడ ముక్కు చీదుకుంది. భూతద్దం భార్య వంక చూశాడు. దూది చుట్టిన బల్ల వంక చూశాడు. చిన్న మంచం వంక చూశాడు.

"ఎవరి బిడ్డ?" అన్నాడు సన్నగా.

విషయమంతా విడమరిచి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అక్క మంచం మీద కూలబడింది. భార్య ఫైలు మూసి, మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు.

"అంటే... పిల్ల లేదా?" అంది తల్లి. భూతద్దం బల్ల మూలన ఊడిన దూదిని మళ్లీ చుట్టాడు.

భార్య పక్కకు వెళ్లి మెల్లగా అడిగాడు. "నిజంగా ఒప్పుకునేదానివా?"

"మళ్లీ అడిగితే ఒప్పుకోను," అంది ఆమె ఫైలు వెనకనుంచి. ఆ క్షణాన, తను ప్యాకేజీ కట్టడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదని అతనికి అనిపించింది.

"ఇంతకీ దీనికోసం అంత పట్టుదల ఎందుకో ఇంకా చెప్పలేదు మీరు," అంది టీచరు, గొంతు తగ్గించి.

భూతద్దం కంప్యూటరు తెరిచాడు. డాక్టర్లు వెళ్లని చోట్ల, పాత కంప్యూటర్లతో ఊరూరా తిరిగి కళ్లు పరీక్షించే నర్సులు అతనికి రాసిన ఉత్తరాలు చూపించాడు. తర్వాత ప్రోగ్రాము నడిపి అక్షరాల వరసలు తెర మీదికి తెచ్చాడు. గదికి ఆ చివరనున్న తల్లి అలవాటుగా ఒక కన్ను మూసుకుంది.

"చివరి వరసలో మూడోది ధ," అంది.

"కాదమ్మా, థ. చెప్పాను కదా, నీకు దూరపు చూపు తగ్గింది. అందుకే ఆ కళ్లద్దాలు."

తల్లి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మూడేళ్లనుంచి నువ్వదే పాట పాడుతున్నావు. థ అయితే పొట్టలో చుక్క ఉండాలి. అక్కడ చుక్క ఏదిరా?"

గొడుగు తెర దగ్గరికి వంగాడు. టీచరు వంగింది. భూతద్దం తన వృత్తికి తగ్గట్టు నిజంగానే భూతద్దం తెచ్చి చూశాడు. చుక్క లేదు. అక్షరం బాగా చిన్నదయ్యేసరికి ప్రోగ్రాము చుక్కను మింగేస్తోంది. అక్కడున్నది ధ. చూపు బాగున్నవాళ్లందరూ ఆ వరసలో తప్పుతున్నారు. ఎముకలో పగులు పట్టే గొడుగు పన్నెండుసార్లు చూసి కూడా పట్టలేదు.

"ఇది పదిహేనోది," అన్నాడు గొడుగు నమ్రతగా. వచ్చిన పని గుర్తొచ్చి, ఇద్దరూ భూతద్దం కార్డు చూసి సాక్ష్యం రాశారు. అంతటితో లేవలేదు. టీచరు సంచీలోంచి కాగితం తీసి తల్లి పక్కకు జరిగింది. "అమ్మా, విడుదలకు ముందు తప్పులు పట్టేవాళ్లు మాకు ఎంతమందున్నా చాలరు. మీరు చేరతారా? పేరేం పెట్టమంటారు?"

"అమ్మ అని రాసుకోండి," అంది ఆవిడ ఆలోచించకుండా. "ఎవరూ ఎదురు చెప్పరు."

మంచాన్ని మళ్లీ దించే ఓపిక ఎవరికీ లేక, దాని మీద పాత కంప్యూటరు పెట్టారు. కోడలు టైపు చేస్తుంటే అత్తగారు చెప్పసాగింది. వారం తిరిగేసరికి 'అమ్మ' పేరుతో ఏడు ఫిర్యాదులు నమోదయ్యాయి. గొడుగు ఆరింటిని అంగీకరించి, కొడుకు వేళకు భోంచెయ్యడం లేదన్న ఏడోదాన్ని మాత్రం, "నిజమే, కానీ ప్యాకేజీకి సంబంధం లేదు," అని రాసి మూసేశాడు.