దుర్గి పింక్ టవర్

ఆ రోజుకి అమూల్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఉప్మా, పదింటికి నర్సరావుపేట బస్టాండులో నాన్న చేతి సంచి అందుకోవడం, పదకొండింటికి పరీక్ష. ఆ సంచిలో పింక్ టవర్ ఉంటుంది. మూడేళ్ళ పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చే పది గులాబీ రంగు దిమ్మెలవి. పెద్దది అడుగున, చిన్నది కొసన. మాంటిస్సోరి టీచరు శిక్షణలో ఆఖరి ప్రాక్టికల్‌కి ఆ దిమ్మెలను ఎవరికి వాళ్ళే చేయించుకొచ్చి, ఓ బిడ్డకు వాటితో పని చూపించాలి. ఇది గట్టెక్కితే మాచర్లలో ఒక బడివాళ్ళు జూన్ నుంచి ఉద్యోగం ఇస్తామన్నారు. తప్పితే మళ్ళీ ఏడాది దాకా పరీక్ష లేదు, ఉద్యోగమూ ఉండదు.

మిగతా వాళ్ళంతా వడ్రంగుల దగ్గరికి పోయారు. అమూల్యా పోబోయింది గానీ, దుర్గిలో ఉన్న తండ్రి త్రికోటాచారి ఫోనులోనే అడ్డం పడ్డాడు.

"రాతిపని చేసే ఇంట్లో పుట్టి వడ్రంగిని అడుక్కునేదేందే? నేను లేనా?"

"అవి చెక్కవి నాన్నా."

"చెక్కకి చెదలు పడతయ్. రాయైతే నీ మనవళ్ళ దాకా ఉంటది. కొలతలు చెప్పు."

"పది దిమ్మెలు, గులాబీ రంగువి. అన్ని పక్కలా సమానంగా ఉండాల. మొదటిది ఒకటి, రెండోది రెండు, అట్టా పది దాకా."

"ఇంతేనా? నంది మెళ్ళో గంటలు చెక్కినోణ్ణి, నాకిదో పనా!"

ఒకటంటే ఎంతో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. శిక్షణ పుస్తకాలలో ఒకటంటే సెంటీమీటరు. నలభై ఏళ్ళుగా ఉలి పట్టిన ఆచారికి ఒకటంటే అంగుళం. ఇంకో కొలతతో ఆయనకు ఏనాడూ పని పడలేదు.

ఇరవై రోజులు ఆయన వేరే పని ముట్టుకోలేదు. పదో దిమ్మె నలభై కిలోల పైమాటగా తేలింది.

"దీన్ని పసిపిల్లలు ఎట్టా ఎత్తుతారయ్యా?" అంది భార్య వీరరాఘవమ్మ.

"మాంటిస్సోరి అంటే ఏందనుకున్నావు? అది మామూలు చదువా?" అన్నాడు ఆచారి.

ఆ జవాబు ఆవిడకు చానా నచ్చింది. షెడ్డు దాటే ప్రతి రాతికీ చేసినట్టే వీటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి సాగనంపింది.

బస్సు కండక్టరు పదో దిమ్మెను ఒక్కసారి చూసి, విజిల్ వేసి వెళ్ళిపోయాడు. దాంతో పక్కింటి మన్సూర్ తన ట్రాలీ ఆటో తీశాడు. కారంపూడిలో టీకి ఆగారు. ఆగకుండా ఉంటే బాగుండేది. ఆటో నిండా గులాబీ రంగు రాళ్ళు, వాటికి బొట్లు, పక్కన భుజాన తువ్వాలుతో పెద్దమనిషి. అటుగా పోతున్న ఒకావిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

"ఏ గుడికి అన్నా?"

"గుడికి కాదమ్మా, బడికి. మా అమ్మాయి టీచరు పరీక్షకు."

"బొట్టు పెట్టినాక గుడైతేనేం, బడైతేనేం" అని ఆవిడ తన తలలో పూలు తీసి పెద్ద దిమ్మె మీద పెట్టింది. ఆమెను చూసి ఇంకొకాయన కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరికాయను చూసి పదిమంది చేరారు. ఆచారి ఎవరినీ వద్దనలేదు. కూతురి పరీక్షకు ఊరు ఊరంతా దీవెనలు ఇస్తుంటే ఏ తండ్రికి నోరొస్తుంది? పెళ్ళి మేళం ముగించుకుని నర్సరావుపేట పోతున్న డప్పులవాళ్ళు, ఇదేదో ప్రతిష్ఠ అనుకుని డప్పులు వాయిస్తూ ఆటో వెనకే తమ వ్యాను పోనిచ్చారు.

"బాజాలు కూడా కుదిరినయ్ బాబాయ్!" అన్నాడు మన్సూర్.

బస్టాండులో అమూల్య ముప్పావుగంట నిలబడింది. పన్నెండుసార్లు ఫోను చేసింది. డప్పుల మోతలో అవతల ఫోను మోగినట్టే తెలియలేదు. చివరికి ఏడుపు మొహంతో ఉత్త చేతులతో శిక్షణ కేంద్రానికి పోయింది.

అక్కడ గుంటూరు నుంచి వచ్చిన పరీక్షాధికారి హుమేరా మేడమ్ పిల్లలచేత నిశ్శబ్దం ఆట ఆడిస్తోంది. కళ్ళు మూసుకుని, కదలకుండా, దూరపు చప్పుళ్ళు వినడమే ఆ ఆట.

"ఏం వినిపిస్తోంది?" అని మేడమ్ గుసగుసగా అడిగింది.

"డప్పులు" అన్నాడొక పిల్లవాడు.

మేడమ్ చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు ఉండగానే డప్పులు గేటు దాటి లోపలికొచ్చాయి. పిల్లలంతా ఒక్క పరుగున బయటికి పోయారు. అమూల్య పని చూపించాల్సిన బిడ్డ అందరికంటే ముందు పోయాడు. ఆ పరుగుకు ఎదురుగా, బస్టాండులో అమూల్య కనపడక నేరుగా ఇక్కడికే వచ్చిన ఆచారీ, మన్సూరూ పదో దిమ్మెను పట్టుకుని అడ్డంగా నడుచుకుంటూ వచ్చి గది మధ్యలో దించారు. కింద ఉన్న టైలు రెండు ముక్కలైంది.

"నీ టైము మొదలైంది, అమూల్యా" అని మేడమ్ మూల కుర్చీలో కూర్చుంది.

మిగతా తొమ్మిది దిమ్మెలు కూడా వచ్చి చేరాయి. తోటి శిక్షణార్థి అపర్ణ చెవిలో గొణిగింది. "కొలత తప్పని చెప్పవే మీ నాన్నకి. ఎత్తుకుపొమ్మను."

అమూల్యకు కోపం నషాళానికి అంటింది. అప్పుడే ఆచారి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఎట్టున్నయ్ తల్లీ?" అన్నాడు.

ఆమె దిమ్మెలను చూసింది. అంచులు తిన్నగా ఉన్నాయి. అద్దంలా నునుపు తేలిన పక్కలు. ఈ గదిలో ఇంత చక్కని టవర్ ఇంకొకటి లేదు. ఇది మా నాన్న చేసిందని అందరికీ వినపడేట్టు అరవాలనిపించింది. తప్పు చేశావు నాన్నా అనబోయి ఆగింది. తప్పు చేసిన బిడ్డను తప్పు అనకూడదు, వస్తువు పక్కన వస్తువు పెట్టి ఓపిక పట్టాలి అని ఏడాదిగా ఆమె నోట్సులో రాసుకుంటోంది.

"కూర్చో నాన్నా. నీకొక పని చూపిస్తా."

చాప పరిచింది. అపర్ణ టవర్లోని పదో దిమ్మెను, చెక్కదాన్ని, రెండు చేతులతో మోసుకొచ్చి రాతి పదో దిమ్మె పక్కన పెట్టింది. ఏమీ అనకుండా వెనక్కి జరిగి కూర్చుంది.

"ఇదేందే, ఇంత పిల్లది? వడ్రంగి మోసం చేశాడు" అని నవ్వాడు ఆచారి. అమూల్య నవ్వలేదు. మన్సూర్ ఏదో చెప్పబోతే నోటి మీద వేలు పెట్టుకుని చూపించింది.

ఆచారి జేబులోంచి ఇనుప స్కేలు తీశాడు. "నాలుగంగుళాలకి అర నూలు తక్కువ. ఇదేం లెక్క?" మళ్ళీ కొలిచాడు. స్కేలు తిరగేశాడు. నలభై ఏళ్ళలో వాడని ఆ అంచు మీద అంకెలు అరగకుండా కొత్తగా ఉన్నాయి. దాన్ని చెక్క దిమ్మెకు ఆనించాడు. సరిగ్గా పది.

అదే అంచును రాతి దిమ్మెకు పెట్టి చూశాడు. ఇరవై ఐదు దాటింది.

"నువ్వు చెప్పింది ఈ పక్క పదా, అమ్మాయ్?"

అమూల్య తలూపింది. ఆచారి లేచి మేడమ్ ముందు చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాది మేడమ్, పిల్లది కాదు. పది రోజులియ్యండి, మళ్ళీ చెక్కుకొస్తా."

"అక్కర్లేదు. పరీక్ష అయిపోయింది" అంది మేడమ్.

ఆచారి మొహం పాలిపోయింది. అమూల్య చాప చుట్టడం మొదలుపెట్టింది.

"తప్పు కళ్ళ ముందే ఉన్నా ఈ అమ్మాయి నోరు జారలేదు. మిమ్మల్ని చిన్నబుచ్చలేదు. మీకై మీరు పట్టుకునేదాకా ఆగింది. రెండేళ్ళుగా నేను ఊరూరా వెతుకుతున్నది ఈ ఓపికనే. పూర్తి మార్కులు వేస్తున్నాను."

ఆచారికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆయన మన్సూర్ భుజం పట్టుకుని ఊపేశాడు. "చూశావట్రా? నాకే నేర్పింది! నా పనిలో నాకే నేర్పింది!" కళ్ళలో నీళ్ళు దాచుకోలేదు. అమూల్య కూడా దాచుకోలేదు.

మేడమ్ పెన్ను పట్టుకుని కాగితం మీద ఒకచోట ఆగింది. "ఆచారిగారూ, మీ వయసెంత?"

"యాభై ఎనిమిది. ఎందుకు మేడమ్?"

పరీక్ష కాగితంలో ‘బిడ్డ వయసు’ అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉండిపోయింది మరి.