గడ్డి సారు పెరట్లో ఇంకొకరు

ఆ ఉదయం గడ్డి సారు తలపెట్టిన పని చిన్నదే. పెద్దాఫీసరు తనిఖీకి వచ్చేలోగా ఆఫీసు మడికి ఇంకొక్కసారి నీళ్ళు పెట్టాలి. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి అదే దుబ్బు నుంచి మొలిచే నాటు గడ్డి అది. దాని గింజలు దంచి వండితే అన్నానికి తీసిపోదని ఆయన వాదన. మడి పచ్చగా లేకపోతే పరిశోధన మూత, దానితోపాటే తన తాత్కాలిక ఉద్యోగమూ. కాఫీ కూడా తాగకుండా మంచులోనే బయలుదేరాడు.

రాత్రే ఊరి నుంచి వచ్చిన అత్తగారికి ఆ సంగతి తెలియదు. వంటింటి కిటికీలోంచి చూస్తే, పెరట్లో మంచు మధ్య అల్లుడి గళ్ళ చొక్కా కనిపించింది. అల్లుడి మొహం చూసి మాట్లాడే అలవాటు ఆవిడకు లేదు. తలుపు చాటున నిలబడి గోడతో అంది: "కాఫీ చల్లారిపోతోందని ఎవరైనా చెబితే బాగుండు."

కాఫీ వెచ్చబెట్టి మళ్ళీ గోడకు చెప్పింది. చొక్కా కదల్లేదు. మంచు కాస్త విడింది. చేతివేళ్ళు ఉండవలసిన చోట ఏవో సన్నగా, పచ్చగా, చాలా ఉన్నాయి.

ఆస్పత్రిలో నర్సుగా ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ ఆయన పొద్దున్నుంచీ పెరట్లో నిలబడే ఉన్నాడే. ఉలకడు, పలకడు."

"ఇందాకే ఆఫీసు నుంచి నాతో మాట్లాడారమ్మా."

"మరి ఇక్కడున్నదెవరే?"

కూతురు ఆఫీసుకు ఫోన్ చేసింది. అటెండరు ఎత్తాడు. "సారు మడి దగ్గరే ఉన్నారమ్మా. అలా నిలబడిపోయారు. పిలిస్తే పలకట్లేదు."

పలకలేడు మరి. పచ్చగా ఉండాలని రోజూ పెట్టిన నీళ్ళకు మడి మొత్తం కుళ్ళి నల్లబడింది. అప్పుడే జీపు దిగిన ఆఫీసరు మడి చూశాడు, ఫోన్లో తెలిసిన ఇంటి సంగతి అటెండరు చెబితే అదీ విన్నాడు.

"మీరు ఇంటి దగ్గర కూడా ఉన్నారటగా. జీపెక్కండి. ఉద్యోగం ఎవరిది తీసెయ్యాలో చూడాలి కదా."

పెరటి గుమ్మంలో అత్తగారు అప్పడాల కర్రతో నిలబడి ఉంది. ఆమె వెనక, గాలి లేకపోయినా, గళ్ళ చొక్కా మెల్లగా గరగరలాడుతోంది. మెడలోంచి పచ్చటి జుట్టు భుజాల దాకా దిగింది.

గడ్డి సారుకు అప్పుడు గుర్తొచ్చింది. మడిని పలచన చెయ్యడానికి పీకిన దుబ్బుల్ని పారెయ్యడానికి మనసొప్పక, పాత చొక్కాలో కుక్కి, పిట్టల కోసం దిష్టిబొమ్మగా నిలబెట్టాడు. వారంగా రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపోతున్న భార్యకు చెప్పడం మరిచాడు.

ఆఫీసరు చొక్కా గుండీలు విప్పాడు. లోపల తెల్లటి వేళ్ళు పక్కటెముకల్లా అల్లుకుని ఉన్నాయి.

"మట్టి లేదు. నీళ్ళు లేవు," అన్నాడు మెల్లగా. "ఏం పెట్టారయ్యా దీనికి?"

"ఏమీ పెట్టలేదు సార్."

"రిపోర్టులో అదే రాయండి. ఇంకో మూడేళ్ళు ఇదే పని చెయ్యండి. దీనికి మాత్రం ఎవరూ చుక్క నీరు పొయ్యకూడదు."

అత్తగారు ఆ మాట దాటలేదు, నీళ్ళు పొయ్యడం లేదు. రోజూ పెరటి గట్టు మీద రెండు గ్లాసుల కాఫీ పెట్టి వస్తుంది. అల్లుడు తాగేది ఒకటే, ఖాళీ అయ్యేవి రెండు.