బాకా పెట్టిన ఇంట్లో అమ్మ గొంతు

కాస్త దగ్గరికి జరగండి. ఇంకొంచెం. మా ఇంట్లో నేను గట్టిగా మాట్లాడటం మానేసి చాలా కాలమైంది.

ప్రతి ఇంట్లోనూ ఒక బాకా ఉండి తీరాలి! ఊదేది కాదు, స్పీకరు పెట్టె నెత్తిన కూర్చోబెట్టేది. మా అబ్బాయి పెట్టాడు. హార్న్ అనాలట. ఇంత నోరు తెరుచుకుని సగం హాలు అదే ఉంటుంది. దాని కింద మామూలు పెట్టె, అందులో పళ్ళెమంత వూఫర్. సన్నటి స్వరాలు బాకాలోంచి, బరువైనవి పెట్టెలోంచి వస్తాయట.

ఇంతటి సుఖం ఎక్కడైనా ఉందా? పాడే మనిషి ఒక్కడే, గొంతు పైనుంచి, పొట్ట కిందనుంచి వినిపిస్తాయి!

ఆ రెండింటికీ పొత్తు కుదర్చడానికే మావాడి సెలవులన్నీ అయిపోయాయి. బాకాది పెద్ద నోరు, పెట్టెది నెమ్మది స్వభావం. బాకా జోరు తగ్గించాలి, వెనక్కి జరపాలి, మళ్ళీ వినాలి. అత్తాకోడళ్ళ మధ్య ఏనాడైనా ఇంత ఓపిక పట్టాడా అంటే, అది వేరే సంగతి.

తీరా చూస్తే, రెండు శబ్దాలూ చక్కగా కలిసే చోటు హాలు మొత్తానికి ఒక్కటే ఉంది. నా కుర్చీ ఉన్న చోటు! ఎంత గౌరవం! కుర్చీలో మావాడు కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీదికి మారాను. పాలు పొంగితే ముందు నాకే తెలుస్తుంది.

ఇరుగుపొరుగు కూడా దగ్గరయ్యారు. ఏళ్ళ తరబడి పలకరించని పక్కింటాయన ఇప్పుడు రోజూ వస్తున్నాడు, పోట్లాడటానికి.

బాగా తెలిసిన గొంతు వింటే ఆ రెండు శబ్దాల మధ్య అతుకు ఎక్కడుందో పట్టుబడుతుందని ఎవరో చెప్పారట. మావాడు నా ముందు మైకు పెట్టి, రికార్డు చేస్తాను, ఏదైనా చెప్పమ్మా, నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టమా! వాడు పుట్టిన రోజు కురిసిన వాన దగ్గర మొదలుపెట్టాను. గొడుగు మరిచి, తడిసి ముద్దై ఆసుపత్రికొచ్చిన వాళ్ళ నాన్న సంగతి చెప్పాను. చివర్లో నా మోకాలి సంగతి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఎన్నాళ్ళుగానో అడుగుతున్న సంగతి కూడా చెప్పాను.

అప్పట్నుంచి రోజూ వింటున్నాడు. నా కొడుకు నా మాట రోజూ వింటున్నాడండీ! ఏ తల్లికుంది ఈ భాగ్యం?

"మోకాలు అన్నప్పుడు చూశావా," అన్నాడు పెళ్ళాంతో, "మో పెట్టెలోంచి వస్తోంది, కాలు బాకాలోంచి వస్తోంది. అతుకు అక్కడే ఉంది."

మొన్న స్టూలు మీంచి లేవబోతే కాలు రాలేదు. "నాన్నా, లేవలేకపోతున్నాను, ఒకసారి ఇలా రా" అని పిలిచాను.

వాడు కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు.

"ఉండమ్మా, మాట్లాడకు. నీ గొంతు వింటున్నాను."

పెరట్లో బట్టలారేస్తున్న కోడలు తడి చేతులతోనే వచ్చి నన్ను లేపింది. అంత దూరం ఎలా వినిపించిందే అంటే, "పిలిచారు కదా అత్తయ్యా" అంది.

ఈ సంగతి గుర్తుంచుకుని మీ వాళ్ళకి చెప్పండి, మామూలు గొంతుతో చెప్పినా చాలు. మావాడికి చెప్పాలంటే మాత్రం రికార్డు చేసి పంపండి.