తిరుమలరావు మైనస్ ఒకటి

సోమవారానికి తిరుమలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బ్యాంకుకి వెళ్ళడం, ఇంటి లోను కాగితాలు ఇవ్వడం, పన్నెండు లోపు ఇంటికొచ్చి వంజరం పులుసుతో భోంచేయడం, ఆపైన ఓ కునుకు తీయడం. పోర్టులో క్రేను నడిపే మనిషి కాబట్టి, ఇక్కడ ఎత్తింది అక్కడ దిగాలన్నదే అతని సిద్ధాంతం. మధ్యలో అది గాలిలో ఊగుతుందని ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తెలిసినా, నేల మీద పనులకి ఆ అనుభవాన్ని ఎప్పుడూ వాడుకోలేదు.

వన్ టౌన్‌లో వాళ్ళుండే అద్దె వాటాలో వంటగదికి కిటికీ లేదు. ఇరవై రెండేళ్ళుగా భార్య రోజారమణి పోపు పెట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ దగ్గుతూనే ఉన్నారు. పోయిన నెల మధురవాడలో మూడో అంతస్తు ఫ్లాటు ఒకటి చూడ్డానికి వెళితే, ఆమె మిగతా గదులు చూడనేలేదు. వంటగది కిటికీ తీసింది, వేసింది, మళ్ళీ తీసి అక్కడే నిలబడిపోయింది. కొందామని మాత్రం అనలేదు. ఆ అనకపోవడమే తిరుమలరావు గుండెకి తగిలింది. అమ్మే ఆయన రిటైరైన లెక్చరరు. శుక్రవారం సాయంత్రంలోగా బ్యాంకు ఒప్పుకున్నట్టు కాగితం చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని మర్యాదగానే చెప్పాడు.

బ్యాంకులో లోన్ల సీటు దగ్గర హిమబిందు అనే చిన్న వయసు ఆఫీసరు కూర్చుని ఉంది. కాగితాలన్నీ చూసి, కంప్యూటరు కేసి తిరిగింది.

"ఇంతకు ముందు లోన్లేమైనా తీసుకున్నారాండీ?"

"నాను ఒకడి దగ్గర రూపాయి తీసుకుని ఎరగనమ్మా," అన్నాడు తిరుమలరావు, పతకం అందుకోబోయే వాడిలా నిటారుగా కూర్చుని.

"అదేనండీ. అందుకే మీ క్రెడిట్ స్కోరు మైనస్ ఒకటి అని వస్తోంది."

తిరుమలరావు చెవుల్లో హోరు మొదలైంది. తగరపువలస హైస్కూల్లో లెక్కల్లో అతనికి సున్నా వచ్చిన మాట నిజమే. కానీ ఎంత కోపిష్టి మాస్టారైనా సున్నా కిందికి దిగలేదు. ఆ తర్వాత హిమబిందు రెండు నిమిషాల పాటు చాలా ఓపిగ్గా ఏదో వివరించింది. అతను చాలా చక్కగా తలాడించాడు. అందులో బుర్రలో మిగిలినవి మూడే ముక్కలు: చరిత్ర లేదు, ఫోను కనెక్షన్, శుక్రవారం.

బయట బండి మీద బావమరిది నాగబాబు కాచుకుని ఉన్నాడు. నాగబాబుకి పనులు తక్కువ, సలహాలు ఎక్కువ.

"ఏటైంది బావా?"

"సున్నా కన్నా ఒకటి తక్కువొచ్చిందిరా. నాకు సరిత్ర నేదంట. ఫోను కనెక్షన్ గురించి కూడా ఏదో అన్నాది."

నాగబాబు కాసేపు ఆకాశం కేసి చూశాడు. అలా చూశాడంటే ఎవరికో ఖర్చు ఉందన్నమాట.

"తెలిసిపోనాది. సరిత్ర నేకపోతే తేవాల. పోస్ట్‌పెయిడ్ ఫోను తీసీ. ముందు మాటాడుకోడం, నెల తిరిగాక కట్టడం. అంటే అదీ అప్పే కదేటి? అప్పుంటే స్కోరొత్తాది. ఆ పిల్ల సెప్పింది అదే బావా, నీకే బోధపడనేదు."

ఇద్దరూ వసీం సెల్ ఫోన్ల దుకాణానికి వెళ్ళారు. వసీం తిరుమలరావు వాళ్ళ వీధి చివరే పదిహేనేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడు, అబద్ధం చెప్పి అమ్మే రకం కాదు.

"ఒకటి తీసుకోండి సార్, చాలు," అన్నాడు. "కానీ మొదటి బిల్లు రావడానికే నెల పడుతుంది. శుక్రవారానికి స్కోరంటే నాకు నమ్మకం లేదు."

తిరుమలరావు ముఖం వాడిపోయింది. నాగబాబు మాత్రం వదల్లేదు.

"బావా, ఒక హుక్కుతో ఎత్తితే గంట పట్టే సరుకు నాలుగు హుక్కులతో ఎత్తితే ఎంతసేపు పడతాది?"

"పావుగంట," అన్నాడు తిరుమలరావు. వృత్తి విషయంలో అతనికి తడబాటు లేదు.

"మరదే. ఒక కనెక్షన్‌కి నెలైతే, నాలుగు కనెక్షన్లకి వారం. వసీం భాయ్, నాలుగు తియ్. ఇంటికి ఇంటర్నెట్ డబ్బా కూడా రాసీ, అది ఐదో హుక్కు."

వసీం తల అడ్డంగా ఊపుతూనే తిరుమలరావు బొటనవేలు పట్టుకుని యంత్రం మీద పెట్టించాడు. యంత్రం ఒప్పుకోలేదు.

"మీ ఆధార్ మీద తొమ్మిది నంబర్లున్నాయి సార్. ఒక మనిషికి అంతే. పదోది రాదు."

ఇందులో వింత లేదు. తమ వాళ్ళల్లో పట్నంలో నౌకరీ సంపాదించిన మొదటివాడు తిరుమలరావే. చొక్కా జేబులో ఆధార్ జెరాక్సు ఎప్పుడూ ఉంటుంది. తగరపువలస నుంచి చుట్టాలెవరు ఫోను కొనడానికి దిగినా, "తిరుమలరావు పేరు మీద రాయించీ" అనడం ఆనవాయితీ అయిపోయింది. బారసాలకి పెద్దగా కూర్చోబెట్టినంత గౌరవంగా అతను వేలిముద్ర వేసి వచ్చేవాడు.

"పాతవి నాలుగు తీసేస్తే కొత్తవి నాలుగు వస్తాయి," అంటూ వసీం కంప్యూటరు ఇటు తిప్పాడు. తొమ్మిది నంబర్లూ కనిపించాయి, కానీ ప్రతి దాంట్లోనూ మధ్య అంకెలు చుక్కలు. చివరి రెండంకెలు చూసి గుర్తుపట్టాలి. ఇంట్లో ఫోను చూస్తే తెలిసిపోయేదే. కానీ క్రేను గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, దాన్ని రోజారమణి చేతికిచ్చి బయటికి వెళ్ళడం అతనికి అలవాటు. సెలవు రోజైనా సరే.

"రేపు రండి సార్, ఫోను తెచ్చుకుని," అన్నాడు వసీం.

"రేపంటే శుక్రవారానికి ఒక రోజు తగ్గిపోతాది," అన్నాడు నాగబాబు.

తిరుమలరావు గుర్తుపట్టింది తన నంబరు ఒక్కటే. మిగిలిన వాటిని తేరిపార చూసి, ఎవరూ పెద్దగా వాడనట్టు కనిపించిన నాలుగింటిని ఎంచాడు. అంకెల్ని చూసి ఆ సంగతి ఎలా తెలిసిందని అడక్కూడదు.

"ఈ సివర తొంభై రెండు ఎవుడిదిరా?"

"ఎక్కడో సూసినట్టే ఉన్నాది బావా. ఎవుడిదో దిక్కుమాలినోడిది. తీసీ."

తీసేశారు. వేలిముద్రలు, సంతకాలు, ఐదు దరఖాస్తులు. పులుసు చల్లారిపోయాక తిరుమలరావు ఇల్లు చేరాడు, జేబులో నాలుగు కొత్త సిమ్ములతో, మనసులో ఏదో సాధించానన్న తృప్తితో.

మంగళవారం తెల్లవారగానే ఆ తృప్తి ఆవిరైంది.

"నా ఫోను సచ్చిపోనాదండి," అంది రోజారమణి. తిరుమలరావు కాఫీ గుటక మధ్యలో ఆగింది.

ఏడింటికి వీధి తలుపు దగ్గర చేపల తట్ట దభీమని దిగింది. వెనకే అతని పిన్ని జోగమ్మ. అపార్టుమెంట్ల వాళ్ళు ఫోను చేసి చెబితే ఇళ్ళకి చేపలు అందిస్తుంది ఆమె.

"పొద్దున్నించి ఒక్క ఫోనూ నేదు నాయినా! తట్ట నిండా సేపలున్నాయి, ఎవుళికి ఏటి గావాలో ఎలగ తెలుత్తాది? నీ పేరు మీదున్న ఫోను కదా, నువ్వే సూడు," అని వాకిట్లోనే తట్ట విప్పి కూర్చుంది. వీధిలో వాళ్ళు చుట్టూ మూగారు. మేడ మీంచి ఇంటి యజమాని వాసనకి దిగొచ్చి, ఇదేం ఇల్లా, బజారా అని కేకలేశాడు.

ఆయన కేకలింకా అవకముందే తమ్ముడి వరసైన వరహాలు ఆటో వచ్చి ఆగింది. ఎక్కినవాళ్ళు ఫోనులో డబ్బులు పంపామంటున్నారట, ఇతని ఫోను వచ్చాయని చెప్పడం లేదట.

"ముగ్గుర్ని ఉత్తినే దింపీసాను అన్నియ్యా. నాలుగోవోడితో తగువు పడ్డాను. ఏటి సేసావ్ నువ్వు?"

తిరుమలరావు గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. అంతలో నాగబాబు ఊగిపోతూ వచ్చాడు.

"నా ఫోను ఎవుడో కట్ సేయించీసినాడు బావా! దొరికితే వోడి..."

"నువ్వేరా," అన్నాడు తిరుమలరావు నీరసంగా. "తొంభై రెండు."

నాగబాబు చేతిలో ఫోనుని తిరగేసి చూసుకున్నాడు. "నా నంబరు నాకెందుకు గుర్తుంటాది?" అన్నాడు చివరికి. "నాకు నాను ఫోను సేసుకుంటానేటి?"

వేరే దారి లేక తిరుమలరావు జేబులోంచి కొత్త సిమ్ములు తీసి తలా ఒకటి పంచాడు.

"దీనికి డబ్బులెవుళు కడతారు?" అంది జోగమ్మ.

"నెలాఖరుకి నానే కడతాలే పిన్నీ."

"ఎంతసేపు మాటాడినా?"

"ఎంతసేపు మాటాడినా."

జోగమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి తిరుమలరావు బిల్లు ఎంతవుతుందో వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. నాలుగో సిమ్ము రోజారమణి తీసుకోలేదు. "నాకొద్దండి. పోతే పోనాది," అంది. గొంతులో కోపం లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

బుధవారం ఇంటర్నెట్ డబ్బా బిగించడానికి మనిషి వచ్చి, టీవీ వెనక మిణుకుమిణుకుమంటున్న పెట్టెని చూసి, "మీకు ఇదివరకే ఉంది కదా సార్," అన్నాడు. అది టీవీతో పాటు వచ్చిందన్నాడు తిరుమలరావు. ఆరేళ్ళుగా అతను అలాగే అనుకుంటున్నాడు. వచ్చిన మనిషి రోజారమణి కేసి చూశాడు. ఆమె "అది ముట్టుకోకు నాయినా, కొత్తది పక్కన పెట్టీ," అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం మూడున్నరకి భార్యాభర్తలిద్దరూ బ్యాంకులో ఉన్నారు. స్కోరు ఎంత వచ్చిందో చూడమని తిరుమలరావు కాస్త ధీమాగానే అడిగాడు. హిమబిందు కంప్యూటరు కేసి చూసి, అతని కేసి చూసి, మళ్ళీ కంప్యూటరు కేసి చూసింది.

"ఏం చేశారండీ మీరు?"

"సరిత్ర తెచ్చానమ్మా."

"నేను వద్దన్నదే చేశారు! మైనస్ ఒకటి అంటే చెడ్డదని కాదండీ. మీరు అప్పు ఎలా తీరుస్తారో ఇంతవరకూ ఎవరికీ తెలియదని, అంతే. జీతం కాగితాలు చూపించి మీ ఫైలు పైకి పంపాను, వాళ్ళూ సుముఖంగానే ఉన్నారు. శుక్రవారం దాకా దేనికీ దరఖాస్తు పెట్టొద్దు, కొత్త ఫోను కనెక్షన్‌కి కూడా వద్దు అని మీకు రెండుసార్లు చెప్పాను. మీరు తలాడించారు కూడా."

"తలాడించాను," అని ఒప్పుకున్నాడు తిరుమలరావు.

"ఒకే రోజు ఐదు దరఖాస్తుల మీద మీ వివరాలు అడిగారు. ఈయనకి ఉన్నట్టుండి ఇంత తొందరేమిటని పైవాళ్ళు అనుమానపడుతున్నారు. మూడు నెలలు ఆగమంటున్నారు."

మూడు నెలలు. లెక్చరరు ఇచ్చిన గడువు ఇంకో రెండు గంటలు. తిరుమలరావుకి ఏడుపొచ్చినంత పనైంది. ముప్ఫై టన్నుల పెట్టెని ఓడలో గీత పడకుండా దించే చేతులతో, చేతికందిన కిటికీని తనే జారవిడిచాడు. భార్య ముఖం చూడలేక బల్ల మీదున్న గమ్ము సీసాని చూస్తూ కూర్చున్నాడు.

రోజారమణి చేతిసంచి విప్పి, పాన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, నాది ఓపాలి సూడండి."

హిమబిందు వివరాలు కొట్టింది. "మీ ఫోనుకి ఓటీపీ వస్తుంది, చెప్పండి."

"రాదమ్మా," అన్నాడు తిరుమలరావు తల వంచుకుని. "ఆమె నంబరు నానే తీయించీసాను. పొరపాటున."

సంచిలో ఫోను టింగుమంది. రోజారమణి తాపీగా ఇంకో ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఆరంకెలు చదివింది. హిమబిందు కంప్యూటరు ఇటు తిప్పింది. అక్కడ ఏడు వందల ఎనభై ఆరు అని ఉంది.

"ఫ్రిజ్ వాయిదాలు, మిక్సీ వాయిదాలు, కుట్టు మిషను లోను, అన్నీ తేదీ తప్పకుండా కట్టారు. ఆరేళ్ళ నుంచి ఫోను, ఇంటర్నెట్ బిల్లులు కూడా ఒక్కటీ ఆలస్యం లేదు," అంది హిమబిందు. "ఇలాంటి స్కోరు మా స్టాఫులో కూడా ఇద్దరికే ఉంది."

"ఫ్రిజ్ సీటీ పాట డబ్బుల్తో కదా కొన్నావు?" అన్నాడు తిరుమలరావు.

"మీకలాగ సెప్పాను. అప్పంటే మీరు అన్నం మానేత్తారని."

"ఈ నంబరెప్పుడు తీసావు?"

"మన పిల్లకి ఆన్‌లైన్ కిలాసులకి ఇంటర్నెట్ పెట్టించినప్పుడండి. మీరేమో క్రేను మీదున్నారు, మీ ఫోనేమో నా సేతిలో ఉన్నాది. ఎవుర్ని అడగాల? నా పేరు మీదే తీసాను. జాకెట్లు కుట్టిన డబ్బుల్తో కడతన్నాను."

"మరి నాను తీయించీసిన నంబరు?"

"అది మీరు ఫోను సేత్తే ఎత్తడానికి పెట్టుకున్నానండి," అంది రోజారమణి. "మీరెప్పుడు సేసారు గనక!"

హిమబిందు ఎందుకో చటుక్కున వంగి సొరుగులో ఏదో వెతికింది. తలెత్తాక, ఇద్దరి పేరు మీద కలిపి పెడితే పైవాళ్ళు ఒప్పుకుంటారని చెప్పింది. ఒప్పుకున్నారు కూడా. దరఖాస్తులో మొదటి పేరు రోజారమణిది, జీతం తిరుమలరావుది. ఒకరికి రూపాయి బాకీ పడని మనిషి అప్పులున్న మనిషి సంతకం కింద సంతకం పెట్టాడు. ఐదున్నరకి కాగితం లెక్చరరు చేతిలో ఉంది.

ఇప్పుడు మధురవాడలో రోజారమణి కిటికీ తీసి పోపు పెడుతుంది, పక్క ఫ్లాటు వాళ్ళు దగ్గుతారు. జోగమ్మ రోజూ ఏ చేప ఎంతో ఊరంతటికీ ఫోనులోనే కేకేసి చెబుతోంది. తిరుమలరావు నెలనెలా ఐదు బిల్లులు కడుతున్నాడు. నాలుగు నెలల తర్వాత హిమబిందు ఏదో పని మీద ఫోను చేసి, సార్‌కి మొదటిసారి స్కోరు వచ్చిందని, అంకె కూడా చెప్పింది. అప్పుడు తిరుమలరావు క్రేను మీదున్నాడు, ఫోను రోజారమణి చేతిలో ఉంది.

ఆ అంకె ఎంతో ఆమె ఇంకా అతనికి చెప్పలేదు.