చెంచాడు మట్టి

ఆ ఉదయం చిన్నల్లుడి పథకంలో తప్పు జరగడానికి చోటే లేదు. తొమ్మిదింటికి ఎనిమిది మంది కూలీలు వస్తారు. తడి గోనెసంచుల్లో చుట్టి పెట్టిన ఉల్లినారు పొలానికి వెళుతుంది. మధ్యాహ్నానికి నాట్లు అయిపోతాయి. అంతే.

మామగారు తన పొలానికి మధ్యలో గట్టు వేసి కూతుళ్లిద్దరికీ చెరో చెక్క రాసిచ్చాడు. రోడ్డు పక్కనున్న తూర్పు చెక్క చిన్నకూతురికి వచ్చింది. పడమటి చెక్క పెద్దకూతురిది. పెద్దల్లుడికి ఇనుప సామాన్ల కొట్టు ఉంది కాబట్టి పొలంలో ఏం మొలిచినా, మొలవకపోయినా అతనికి పట్టదు. చిన్నల్లుడు మాత్రం చేస్తున్న గుమాస్తా ఉద్యోగం మానేసి మరీ సేద్యానికి దిగాడు. మొదటి పంటను తెగులు తిన్నది. రెండో పంటను వాన తిన్నది. మూడోది కూడా చేతికి రాకపోతే మారుమాట్లాడకుండా తోడల్లుడి కొట్టులో పనికి చేరతానని నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి కొట్టులో ఒక స్టూలు ఖాళీగానే ఉంటోంది. పెద్దల్లుడు దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

ఆరున్నరకి ఫోను మోగింది. ల్యాబ్ నుంచి తూర్పు చెక్క మట్టి పరీక్ష రిపోర్టు వచ్చింది. అందులో పదకొండు వరుసలున్నాయి. చిన్నల్లుడు ఒకటే చదివాడు. మట్టిలో ఉప్పెంతో చెప్పే వరుస అది. ఈసీ 3.8 అని ఉంది. వ్యవసాయ ఆఫీసులో ఇచ్చిన పుస్తకం తీసి ఉల్లి ఎక్కడుందో వెతికాడు. ఈసీ 1.2 దాటితే ఉల్లి దిగుబడి పడిపోతుందని రాసుంది. అతను గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఏమైందండీ? ఎవరైనా పోయారా?" అంది భార్య వంటింట్లోంచి.

"పొలం పోయింది."

"నిన్న సాయంత్రం అక్కడే ఉందిగా."

"ఉల్లి తట్టుకునేదానికి మూడింతలుందట ఉప్పు. ఇంకేం మొలుస్తుంది? నా మొహం మొలుస్తుంది."

"నాలుగు రోజులాగి కనుక్కుని వేద్దాం."

"పీకిన నారు నాలుగు రోజులు ఆగుతుందా? సంచిలోనే కుళ్లి కంపు కొడుతుంది."

అయినా కూలీలు వచ్చే వేళయింది. వరుసలకి పట్టే తాడు అడిగి తెద్దామని పక్క వీధిలోని తోడల్లుడి ఇంటికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. పెద్దల్లుడు లోపల గడ్డం గీసుకుంటున్నాడు. బల్ల మీద కాఫీ గ్లాసు, దాని కింద ఒక కాగితం ఉన్నాయి. చిన్నల్లుడు గ్లాసు జరిపి చూశాడు. అది పడమటి చెక్క మట్టి పరీక్ష రిపోర్టు. వేరే ల్యాబ్‌ది. ఈసీ 0.6.

పాయింట్ ఆరు. ఉల్లికి పూలపాన్పు. ఆ పాన్పు మీద పండించాల్సింది ఇనుము అమ్ముకునే మనిషి. చిన్నల్లుడి బుర్రలో ఏదో టక్కుమంది. తోడల్లుడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి గ్లాసు మళ్లీ కాగితం మీదే ఉంది.

"అన్నయ్యా, సామాన్లు దాచుకోవడానికి షెడ్డు కడతానంటున్నావు కదా. దానికి రోడ్డు పక్క జాగా అయితే ఎంత బాగుంటుంది."

"బాగుంటుంది. నాకు లేదుగా."

"నాకుంది. మార్చుకుందాం. తూర్పు చెక్క నువ్వు తీసుకో, పడమటిది నాకివ్వు."

పెద్దల్లుడు తువ్వాలు మొహానికి అడ్డంగా పట్టుకుని చాలాసేపు తుడుచుకున్నాడు. తీసేసరికి మొహం సంతాప సభలో ఉన్నట్టుంది.

"కష్టం తమ్ముడూ. మీ వదిన ఒప్పుకోదు. ఆ చెక్కంటే దానికి ప్రాణం."

"నాకేం ప్రాణం లేదు," అంది వదిన లోపలి నుంచి.

పది నిమిషాల్లో కొట్టు బిల్లు పుస్తకంలో ఒప్పందం రాసేశారు. పొలం అక్కచెల్లెళ్లది కాబట్టి ఇద్దరి సంతకాలూ కావాలి. అక్క వెంటనే పెట్టింది. కబురందుకుని వచ్చిన చెల్లెలు పెన్ను పట్టుకుని మొగుడి వంక చూసింది.

"పడమటి చెక్క పల్లమండీ. చిన్నప్పుడు అక్కడ నీళ్లు నిలిచి, ఎండాక తెల్లగా పేరుకునేది. అక్కా నేనూ దాంతో ముగ్గులేసేవాళ్లం."

"మీ ముగ్గులు అప్పటి సంగతి. ఇది సైన్సు."

"సంతకం నాది, బుద్ధి మీది," అని గీకి పడేసింది.

తొమ్మిదింటికి కూలీలు పడమటి చెక్కలో దిగారు. పదకొండింటికి తూర్పు చెక్కలో రెండు లారీల కంకర పడింది. షెడ్డు పునాదికట. తోడల్లుడు అంత తొందరపడుతుంటే చిన్నల్లుడికి జాలేసింది. ఒంటిగంటకి చివరి నారుకట్ట కూడా భూమిలోకి వెళ్లింది. అప్పుడే ఫోను మోగింది. మాట్లాడుతున్నది ల్యాబ్‌లో అతని మట్టి పరీక్ష చేసిన మేడం.

"మీ ఫారంలో ఒక గడి ఖాళీగా ఉందండీ. మట్టి ఎంత లోతు నుంచి తీశారు?"

"లోతెందుకండీ? పైన తెల్లగా పేరుకున్న చోట గీరాను. ఉప్పు పరీక్షకి ఉప్పున్న చోటే తీయాలి కదా."

"దేంతో గీరారు?"

"చెంచాతో."

"ఎన్ని చోట్ల?"

"ఒక్క చోటే."

"ఎండకి నీరు ఆవిరైపోతుంటే ఉప్పంతా పైకొచ్చి పెచ్చు కడుతుందండీ. జానెడు లోతు తవ్వి, పదిహేను చోట్ల మట్టి తీసి, కలిపి అందులోంచి అరకిలో పంపాలి. మీరు పంపింది పొలం కాదు, పెచ్చు. రోడ్డు పక్క చెక్కలన్నీ ఒకటి లోపే వస్తున్నాయి. మీదీ బాగానే ఉండుంటుంది. మళ్లీ తీసి పంపండి."

చిన్నల్లుడు గట్టు మీద కూలబడ్డాడు. "సరేలెండి. పాయింట్ ఆరున్న పొలం దొరికింది నాకు. అందులో నాటేశాను."

"పాయింట్ ఆరా? ఆ కాగితం కింద ఒకటికి ఐదు అని రాసుందా?"

"ఉందండీ. ఐదు పేజీల్లో మొదటి పేజీ అనుకున్నాను."

"అయ్యో. మేము మట్టిని నీళ్లతో ముద్దలా కలిపి, ఆ ముద్దలోంచి లాగిన నీటిని కొలుస్తాం. మీ పుస్తకంలో అంకెలు ఆ పద్ధతివే. వాళ్లు ఒక వంతు మట్టికి ఐదు వంతుల నీళ్లు పోసి కొలుస్తారు. అన్ని నీళ్లలో ఉప్పు పలచబడి అంకె చిన్నదవుతుంది. మా లెక్కలోకి తేవాలంటే, మీ వైపు మట్టికి సుమారుగా ఎనిమిది పెట్టి హెచ్చవేయాలి."

చిన్నల్లుడు వేళ్లు మడిచాడు. నాలుగు పాయింట్ ఎనిమిది. కళ్లముందు ఉల్లినారు పచ్చగా, అమాయకంగా గాలికి ఊగుతోంది.

"జిప్సం చల్లితే పోతుందా అండీ?"

"అది సోడియం ఎక్కువైన చౌడుకి. ఉత్త ఉప్పుకి చల్లితే ఇంకాస్త ఉప్పు కలిపినట్టే. ముందు మురుగుకాలువ తవ్వండి. తర్వాత మంచినీళ్లు నిండా పెట్టి, ఉప్పుని కడిగి ఆ కాలువలోకి దింపండి. నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే ఎన్ని పెట్టినా ఉప్పు మళ్లీ పైకే వస్తుంది. ఒకటి రెండేళ్లు ఓపిక పట్టాలి."

అతని దగ్గర ఓపిక సాయంత్రం దాకా కూడా లేదు. సంగతంతా భార్యకి చెప్పాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుంది. తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

ఇద్దరూ కొట్టుకి వెళ్లారు. పెద్దల్లుడు గల్లా వెనకాల చల్లగా నవ్వాడు.

"చెక్క వెనక్కిచ్చెయ్యి అన్నయ్యా. పొరపాటైంది. పడమటిది ఉప్పుతో చచ్చిపోయిన నేల."

"ఆ మాట నాకెప్పుడో తెలుసు. నేనూ మట్టి పరీక్ష చేయించాను, ఉల్లి వేయడానికి కాదు. షెడ్డు కోసం చేయించాను. ఆ ల్యాబ్ వాడు మొహం మీదే చెప్పాడు, ఈ లెక్కలో పాయింట్ ఆరంటే మాటలు కాదు, పునాదిలో చువ్వలు తుప్పు పట్టి రాలిపోతాయి అని. ఏం చేయాలిరా దేవుడా అనుకుంటుంటే పొద్దున్నే నువ్వొచ్చావు."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వడిగావా? అయినా రోడ్డు పక్క బంగారంలాంటి చెక్క ఎందుకు వదులుకున్నావు తమ్ముడూ, నాకదే అర్థం కాలేదు."

చిన్నల్లుడికి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫోను తీసి గల్లా మీద పెట్టాడు. "ఇది చూసి బెదిరిపోయాను."

పెద్దల్లుడు కళ్లజోడు పెట్టుకున్నాడు. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. క్యాలిక్యులేటర్ దగ్గరికి లాక్కుని నొక్కాడు.

"మూడు పాయింట్ ఎనిమిది. నాదానికి ఆరు రెట్లు. పాయింట్ ఆరుకే చువ్వలు రాలిపోతే దీనికి షెడ్డు నిలబడుతుందా? సొంత తోడల్లుణ్ణి ముంచుతావట్రా?"

"కాదన్నయ్యా, ఇది వేరే పద్ధతి, అసలు నేను చెంచాతో..."

భార్య మడమ అతని పాదం మీద పడింది. చిన్న మనిషే గానీ, బరువంతా వేసి నిలబడింది.

"కాదనడానికేముంది బావగారూ," అంది. "ఆయనకి బుద్ధి లేదు. అక్క నష్టపోతుంటే నేనెలా చూస్తాను? కాగితం చింపేద్దాం."

పెద్దల్లుడు గభాల్న చింపేశాడు. కానీ ఊరికే ఓడిపోవడం అతనికి చేతకాదు. కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"ఏ చెక్కలో ఏముంటే అది ఆ చెక్క వాళ్లదే. రెండు లారీల కంకర మీకు. ఉల్లి నాకు. నన్ను ముంచబోయినందుకు ఆ మాత్రం కట్టుకోవాలి."

"నారు ఈ రోజే కదా వేశాం, పీకి మళ్లీ..." అన్నాడు చిన్నల్లుడు.

"నా ఉల్లి మీద చెయ్యి వేస్తే మర్యాదగా ఉండదు."

భార్య ఒక్క నిమిషం ఆలోచించింది. ఒక వైపు ఎప్పటికీ ఉండే నేల, ఇంకో వైపు ఒక పంట, ఒక మొగుడు. సంతకం పెట్టేసింది.

"అయితే మూడో పంట కూడా నీ చేతికి రానట్టేగా," అన్నాడు పెద్దల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "మాటంటే మాటే. రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి."

మర్నాడు ఎనిమిదింటికి చిన్నల్లుడు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. తోడల్లుడు అతన్ని పైనుంచి కిందికి చూసి, సేద్యం తెలిసిన మనిషి కొట్టుకి చాలా అవసరం అన్నాడు.

అతనికి అప్పగించిన మొదటి పని పడమటి చెక్కలో ఉల్లిని బతికించడం.